ఖరీదు పెట్రోలు, గువ్వలచెరువు ఘాటు

మా ఆయన నూర్ బాషాకు ఇంట్లో పెండ్లాం చెప్పేది చెవికెక్కదు. కర్నూల్లో ఉండే తన చెల్లెలి మొగుడు మన్సూర్ ఫోన్లో ఒక మాటంటే మాత్రం ఇంగ దానికి తిరుగుండదు. "బావా, నా కారుకు ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలే పోస్తా, పులి మాదిరి పోతాది" అని ఆయప్ప ఏ గడియలో అన్నాడో, మాకు మొదలైంది. మన్సూర్‌ది పెద్ద ఇంజిను బండి. మాది పరుపుల అంగడి మీద వచ్చిన దాంతో కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ చిన్న కారు. ఈ తేడా ఈ మనిషికి ఎవరు చెప్పాల?

ఆ పొద్దు మైదుకూరు నుంచి రాయచోటికి పెండ్లికి పోతాండాం. ముందర మేమిద్దరం, వెనక మా పాప రిహానా. కడపలో బంకు కాడ ఆపి, ఈయన కిందికి దిగి మీసం దువ్వుకున్నాడు.

"ఆ ఖరీదుది పొయ్యప్పా, ఫుల్లుగా!"

రిహానా పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతాండాది. అది కిటికీలోంచి తల బయటపెట్టింది. "నాయనా, ఆ పెట్రోలు ఇంజిన్లో తొందరపడి అంటుకోకుండా ఓర్చుకుంటాది, అంతే. గాలినీ పెట్రోలునీ గట్టిగా ఒత్తే ఇంజిన్లకు అది కావాల. మన బండికి సాదాదే చాలు. దాంతో బలం రాదు."

"ఊరుకో పాపా. బాదం పప్పు తింటే మనిషికి బలం రాదా?"

"బాదం పప్పు పెడితే కోడిపిల్ల ఎద్దయితాదా?" అన్నా నేను.

ఆయనకు రోషమొచ్చింది. "చూస్తాండు మాబూ. గువ్వలచెరువు కొండ మీది ఘాటు రోడ్డు మొత్తం టాప్ గేర్లో ఎక్కిస్తా. ఎక్కకపోతే కారు తాళాలు నీకే ఇచ్చేస్తా. ఎక్కిందంటే మాత్రం నువ్వు మళ్ళా తాళాలు అడగకూడదు. సరేనా?"

"సరే పో!" అనేసినా. అన్నాక భయమేసింది.

ఎందుకంటే ఆ తాళాల కోసం నేను పడే బాధ నాకే తెలుసు. నైటీలు కుట్టి కడప అంగళ్ళకు వేస్తా. మూటలు ఎత్తుకుని బస్సెక్కితే కండక్టరు అరుస్తాడు, పక్కనోళ్ళు మూతి ముడుస్తారు. లైసెన్సు తెచ్చుకుని ఏడాది దాటింది. కారేమో అంగడి ముందర ఊరికే ఎండలో ఉంటాది. అడిగితే "నీకింకా చెయ్యి తిరగలేదు మాబూ" అంటాడు. తోలనీకుంటే చెయ్యి ఎట్ల తిరుగుతాదయ్యా సామీ?

ఘాటు మొదట్లో కారు జోరుగానే పోయింది. ఈయన ఈల వేస్తాండాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈ ముదనష్టపు పెట్రోలు నిజంగానే పని చేస్తాదేమో, ఇంగ నా బతుకంతా బస్సు మూటలేనేమో అనుకున్నా. అంతలో మలుపులో ముందర ఒక లారీ పాకుతా కనపడింది. మా కారు జోరు తగ్గింది. పందెం పోతాదని ఈయన గేరు తగ్గించలేదు. కారు చలి జ్వరం వచ్చినట్ల వణికింది.

"సెకండ్ వెయ్యయ్యా!" అన్నా.

"ఉండు, పెట్రోలు ఇప్పుడు అందుకుంటాది!"

అందుకోలా. గడగడమని ఆగిపోయింది. వెనక ఇంకో లారీ, దాని హారన్ చెవులు పగలగొడతాండాది. ఈయన స్టార్టు చేస్తే కారు వెనక్కి జారె, మళ్ళా ఆగిపోయె. మొహమంతా చెమట. రిహానా బిరబిరా దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టొచ్చింది.

"ఓడిపోయినావు నాయనా" అని నవ్వింది.

"ఘాటు దాటినాక ఇస్తాలే తాళాలు" అని గొణిగినాడు.

"కుదరదు. ఇప్పుడే, ఈడనే. దిగు!"

దిగి, పక్క సీటు కాడికి వచ్చినాడు. నేను స్టీరింగు కాడ కూర్చున్నా. సీటు ముందుకు లాక్కున్నా. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, రిహానాను రాళ్ళు తీసి ఎక్కమని, ఫస్ట్ గేరేసి, క్లచ్ మెల్లగా వదిలినా. ఇంజిను బరువు అందుకున్నాక బ్రేకు దించినా. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. అట్లనే ఫస్టూ సెకండూ మారుస్తా మలుపు మలుపూ తిప్పుకుంటా ఎక్కించేసినా. పైకి చేరినాక నాకు సంతోషం ఆగలేదు, పిచ్చిదాని మాదిరి గట్టిగా నవ్వేసినా. ఈయన మాత్రం కిటికీలోంచి కొండల్ని చూస్తా కూర్చున్నాడు.

రాయచోటి దాకా నేనే తోలినా. పెండ్లింట్లో ఆ మనిషి ఏం చెప్పుకుంటాడో, ఎన్ని కోతలు కోస్తాడో చూద్దామని కాచుకున్నా. నలుగురిలో నోరు జారితే కడిగేద్దామని మాటలన్నీ రెడీగా పెట్టుకున్నా.

షామియానా కింద మగోళ్ళంతా కూర్చోనుంటే మన్సూర్ లేచి వచ్చినాడు. "బావా, పెండ్లికొడుకు బండి రావాల, మీది అడ్డమున్నాది. తాళాలియ్యి, పక్కకు పెడతా."

మా ఆయన జేబు తడుముకోలేదు.

"నన్నడిగితే ఎట్లప్పా? బండి మీ అక్కది" అన్నాడు, అందరికీ వినపడేటట్ల. "ఘాటు ఎక్కించుకుని వచ్చింది. ఆమెనడుగు."

అంతమంది, పక్కన ఆడోళ్ళలో ఉన్న నా దిక్కు తిరిగినారు. రెడీగా పెట్టుకున్న మాటలతో పనే లేకపోయె. మన్సూర్ నా కాడికొచ్చి చెయ్యి చాపినాడు. నేను తాళాలు ఇయ్యలేదు. "నువ్వు కూర్చో తమ్ముడూ" అని చెప్పి, నేనే పోయి కారు పక్కకు తీసినా.