ఇంట్లో సముద్రం, గొట్టంలో నేను

నేను ఒక వాల్వుని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, రెండు చివర్లా మరలు, కడుపులో ఒక రబ్బరు రెక్క. నీళ్లు ఒక వైపు నుంచి వస్తే రెక్క లేచి దారి ఇస్తుంది. అవే నీళ్లు వెనక్కి రాబోతే పడిపోయి దారి మూసేస్తుంది. నాకు వచ్చిన విద్య అంతే. ప్లంబర్లు నన్ను ఎన్నార్వీ అంటారు. మీ ఇంట్లో బోరు మోటారు ఉంటే దాని పైన గొట్టంలో నా చుట్టం ఒకడు ఉండే ఉంటాడు. మీరు వాణ్ణి ఎన్నడూ చూసి ఉండరు. మమ్మల్ని బిగించేదే మళ్లీ మా మొహం చూసే అవసరం రాకూడదని.

పుట్టడం గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక కార్ఖానాలో ప్లాస్టిక్ పలుకుల్ని కరిగించి అచ్చులో పోశారు. చల్లారాక బయటికి వచ్చి చూస్తే అటూ ఇటూ అందరూ నాలాగే ఉన్నారు. ఒక అమ్మాయి వేలితో నా రెక్కని నొక్కి, వదిలి, పక్కన పెట్టింది. నన్ను ఎవరైనా పరీక్ష చెయ్యడం అదే మొదలు. నీళ్లు ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు మాత్రం నా ఒంటి మీదే అచ్చు వేశారు. మనుషులకి చెప్పాల్సినవి ఒంటి మీద రాసుకున్నా చదవరని తర్వాత తెలిసింది.

మొదట నన్ను కొన్నది ఉప్పాడ పక్కన ఒక రొయ్యపిల్లల హేచరీ. అక్కడ సముద్రపు నీళ్లు రాత్రనక పగలనక గొట్టాల్లో తిరుగుతూ ఉండేవి. ఉప్పునీళ్లకి ఇనుము ఆగదు కాబట్టి అన్నీ ప్లాస్టిక్ వాళ్లమే. శనివారం వచ్చిందంటే పనివాళ్లు నన్ను విప్పి, లోపల పేరుకున్న ఉప్పు గీకి, ఇసక కడిగి, రెక్క కింద ఇరుక్కున్న చిట్టి నత్తగుల్లల్ని గోటితో పెకలించి మళ్లీ బిగించేవారు. ఒక్క శనివారం కూడా వదిలేవారు కాదు. ఒక్క మాటలో చెప్పాలంటే వాళ్లు నన్ను నమ్మేవారు కాదు. అక్కడ నాకు మంచి పేరు ఉండేదంటే దానికి కారణం అదే.

ఆ హేచరీ మూతపడింది. గొట్టాలు కోసి, మమ్మల్ని విప్పి గోతాల్లో వేశారు. పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉన్న నన్ను ఒకరోజు సూరిబాబు అనే ప్లంబరు చూశాడు. నోట్లో పెట్టుకుని ఊది, అటు తిప్పి మళ్లీ ఊది, జేబులో వేసుకున్నాడు.

అలా కాకినాడ జగన్నాథపురంలో, మేడ మీద ఒక అద్దె వాటాకి వచ్చాను. ఆ వాటాలో ఉండేది లోవరాజు. షాపులకీ హోటళ్లకీ సీసీ కెమెరాలు బిగిస్తాడు. ఒకసారి విశాఖపట్నంలో ఏదో హోటల్లో కెమెరాలు పెట్టడానికి వెళ్లి, అక్కడి హాల్లో గాజుతొట్టిలో తిరుగుతున్న సముద్రపు చేపల్ని చూసి, పని మరిచిపోయి నిలబడిపోయాడట. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. చివరికి ఎవరో అమ్మేస్తున్న పాత తొట్టి సంపాదించి, ఇద్దరు మనుషుల్ని పెట్టి మెట్లెక్కించాడు. సముద్రం ఆ ఇంటికి సైకిల్ మీద వెళ్లేంత దూరం. అయినా ఒడ్డు దగ్గర నీళ్లు మురికని, చేపల తొట్ల కోసం విదేశాల నుంచి వచ్చే ఉప్పు సంచి కొని, కుళాయి నీళ్లలో కలిపి సముద్రం తయారు చేసుకోవాలని అతని ఆలోచన. మనుషుల పనులు ఇలాగే ఉంటాయి. నేను తప్పు పట్టను.

ఆ ఇల్లాలు వీరవేణి. చంకలో ఎప్పుడూ ఒక పాప. పాపకి అప్పుడప్పుడే పాకడం వచ్చింది. నేల మీద ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసు. తొట్టి హాల్లోనే పెట్టాలి, పాప పాకేదీ హాల్లోనే. ఇంకో చోటు లేదు. అందుకని వీరవేణి వద్దనలేదు గాని ఒక్క మాట అంది.

"ఒక్క చుక్క నేల మీద పడకూడదండీ. పడిందో, ఆ తొట్టన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి."

"ఎందుకు పడుద్దే? సూరిబాబు బిగిస్తున్నాడు," అన్నాడు లోవరాజు.

ఏర్పాటు ఎలాంటిదో చెప్పాలి. పైన పెద్ద గాజుతొట్టి. దాని కింద చెక్క బల్ల లోపల ఇంకో చిన్న తొట్టి, దాన్ని సంపు అన్నారు. పై తొట్టి నిండి అంచు దాటిన నీళ్లు ఒక గొట్టంలోంచి సంపులోకి దిగుతాయి. అక్కడ మడ్డి వడకట్టుకుని, మోటారు పట్టుకుని, ఇంకో గొట్టంలోంచి మళ్లీ పైకి వెళ్తాయి. ఆ పైకి వెళ్లే గొట్టంలో నేను. సంపు పక్కనే, చెక్క మీద, మోటారూ లైటూ తగిలించిన జంక్షన్ బాక్సు. లోవరాజుకి వైర్లు కొట్టినపిండి. నీళ్లే కొత్త.

సూరిబాబు యాక్సా బ్లేడుతో గొట్టాలు కోశాడు, అతుక్కునే సొల్యూషన్ రాసి మలుపుల దగ్గర ఎల్బోలు తొడిగాడు, నా మరలకి తెల్ల టేపు చుట్టి బిగించాడు. ఒకసారి తలకిందులుగా బిగించాడు. మోటారు మూలుగుతుంది గాని నీళ్లు ఎక్కవు. మోటారు కంపెనీని ఇద్దరూ తిట్టుకున్నాక గాని నా మీద బాణం చూడలేదు. ఉప్పు ఇంకా కలపలేదు. ముందు మామూలు నీళ్లతో నడిపి చూడాలి కదా. స్విచ్ వేశారు. నీళ్లు పైకెక్కాయి, కిందకి దిగాయి, మళ్లీ ఎక్కాయి. ఇద్దరు మగవాళ్లూ ఒడిలో బిడ్డని చూసుకున్నట్టు చూశారు.

వీరవేణి పాపని ఎత్తుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది బావా మా చెల్లెమ్మ," అన్నాడు సూరిబాబు.

"కరెంటు పోతే ఏమవుద్ది అన్నయ్యా?"

"ఏమవుద్ది? మోటారు ఆగుద్ది. చేపలు హాయిగా పడుకుంటాయి."

"పైకెళ్లిన నీళ్లో? వచ్చిన గొట్టంలోంచే కిందకి వచ్చేస్తే? మా నాన్న కిరసనాయిలు డబ్బాలో ట్యూబు పెట్టి నోటితో ఒక్కసారి లాగితే డబ్బా అంతా దిగిపోయేది."

సూరిబాబు నవ్వి నా వీపు మీద వేలితో కొట్టాడు. "దానికేనమ్మా ఇది. ఇదుండగా చుక్క వెనక్కి రాదు. చూడు." మోటారు ప్లగ్గు లాగేశాడు. నా రెక్క టక్కుమని పడింది. పైన నీళ్లు పైనే ఉన్నాయి. "చూసేవా?"

చూసింది. కాని గుమ్మంలోంచి కదల్లేదు. నాకు ఆ క్షణాన ఉప్పాడ శనివారాలు గుర్తొచ్చాయి. ఈ ఇంట్లో నన్ను విప్పి కడిగేవాళ్లు ఎవరు? ఉప్పు పేరుకుంటుంది, ఇసక వస్తుంది, నత్తలు కాపురం పెడతాయి. ఏదో ఒకనాడు రెక్క సగంలో ఆగిపోతుంది. అది నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నది రెండు కన్నాలు.

"లోపల ఏముంటది దాంట్లో?" అంది వీరవేణి.

"నీకు వానొచ్చినా భయమే, రాకపోయినా భయమే," అన్నాడు లోవరాజు.

"ఇంట్లో ఒక్కరన్నా భయపడాలి కదండీ. మీ వంతు కూడా నేనే పడుతున్నా. విప్పి చూపించమనండి."

గొణుక్కుంటూనే నన్ను విప్పి ఆమె చేతిలో పెట్టారు. ఆమె నా రెక్కని వేలితో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కింది. తర్వాత వంటగదిలోకి వెళ్లి ఏదో తెచ్చింది. పెసరగింజ. నా రెక్క కింద దాన్ని దోపి, నన్ను సూరిబాబుకి తిరిగి ఇచ్చేసింది.

"ఇప్పుడు బిగించండి."

"సముద్రపు చేపలు పెసలు తింటాయేటి చెల్లెమ్మా?"

"పెసరగింజ కాకపోతే ఇసక. మొన్న ఈ పిల్ల ముక్కులో శనగపప్పు పెట్టుకుంటే ఆస్పత్రికి పరిగెత్తాం. ఇంత పప్పుబద్ద. డాక్టరు తీసేదాకా నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంత చిన్నదైతే అంత చెడ్డది అన్నయ్యా. బిగించండి. ముందు ఆ జంక్షన్ బాక్సు తీసి స్టూలు మీద పెట్టండి."

లోవరాజు జంక్షన్ బాక్సు తీసి స్టూలు మీద పెట్టాడు. ఆమెని సంతోషపెట్టడానికే పెట్టాడు. మోటారు వేశారు, నీళ్లు ఎక్కాయి. ప్లగ్గు లాగారు.

నా రెక్క పడింది గాని పూర్తిగా పడలేదు. పెసరగింజ అడ్డం. ఆ సందులోంచి నీళ్లు దిగడం మొదలుపెట్టాయి. మొదట సన్నగా, తర్వాత ధారగా. నాకు కోపమూ రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. సందు ఉంటే నీళ్లు దిగుతాయి, అంతే. సంపు నిండింది. నీళ్లు అంచు దాకా వచ్చి ఒక్క క్షణం ఉబ్బి నిలిచాయి. తర్వాత చెక్క మీదుగా జారి, గచ్చు మీద పడి, హాలు మధ్యకి పాకాయి.

"మూతి పైకెత్తరా బావా, మూతి!" అని అరిచాడు సూరిబాబు. లోవరాజు తొట్టిలో చెయ్యి పెట్టి, నీళ్లలో మునిగి ఉన్న గొట్టం మూతిని పైకి లాగాడు. మూతికి గాలి తగలగానే గొట్టం గుర్రుమని, ధార తెగిపోయింది.

జంక్షన్ బాక్సు ఇందాక ఉన్నచోట నీళ్లు పలచగా నిలిచి ఉన్నాయి. లోవరాజు ఆ చోటు చూశాడు. తర్వాత పెళ్లాం చంకలో కాళ్లూపుతూ దిగుతానని గింజుకుంటున్న పాపని చూశాడు. మళ్లీ ఆ చోటు చూశాడు. నేను చెప్పలేదా అని వీరవేణి అనలేదు. పాత చీర ఒకటి తెచ్చి నేల మీద పడేసింది, అంతే.

ఆ తర్వాత పని వేరే రకంగా జరిగింది. గొట్టం మూతిని నీటి అంచుకి తెచ్చి పెట్టారు. దాని పక్కన, నీళ్లకి ఒక్క పిసరు కిందుగా, డ్రిల్ మిషనుతో చిన్న కన్నం వేశారు. మూతికి ఏదైనా అడ్డుపడినా కన్నంలోంచి గాలి దూరి నీళ్లని ఆపేస్తుంది. కొద్దిగా దిగే ఆ నీళ్లకి సంపులో చోటు ఉండేలా, ఇంతకు మించి పొయ్యకూడదని గాజు మీద గీత గీశారు. మార్కరు కనిపించకపోతే వీరవేణి గోళ్లరంగు తెచ్చి ఇచ్చింది. జంక్షన్ బాక్సుని గోడకి, పాప చెయ్యి అందనంత ఎత్తున కొట్టారు. వైరు మీదుగా నీటిచుక్క జారినా బాక్సులోకి పోకుండా మధ్యలోనే రాలిపోవాలని, వైర్లని కిందకి వేలాడేలా వదిలారు. అది లోవరాజు ఆలోచన.

అంతా అయ్యాక సూరిబాబు నన్ను కడిగి మళ్లీ బిగించబోయాడు. "ఇది కూడా ఉంటే ఇంకా మంచిదే కదమ్మా."

"ఉంటే ధైర్యమంతా దాని మీదే పెట్టుకుంటారు అన్నయ్యా. గీత చూడరు, కన్నం చూడరు. తీసెయ్యండి."

నన్ను తీసేసి నా స్థానంలో ఉత్త గొట్టం ముక్క పెట్టారు. నేను లేకుండానే మళ్లీ ప్లగ్గు లాగారు. నీళ్లు కాస్త దిగి ఆగిపోయాయి. గోళ్లరంగు గీత వేసింది ఎందుకో అప్పుడు నాకు అర్థమైంది. సంపు అంచుకి చాలా కిందే ఆగాయి. ఎవరో మూస్తే కాదు, వాటంతట అవే. నన్ను చాలా మంది మెచ్చుకున్నారు గాని, వీరవేణిలా ఇంత సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు లేరు. మిగిలిపోయిన ఎల్బోలతో, గొట్టం ముక్కలతో కలిపి నన్ను బక్కెట్లో వేసి బాల్కనీలో పెట్టారు. అక్కడి నుంచి తలుపు సందులోంచి హాలు కనిపిస్తుంది. ఎండా పడుతుంది. ఫిర్యాదు లేదు.

ఉప్పు కలిపారు. కొన్నాళ్లు చేపలు లేకుండా ఆ ఉప్పునీళ్లే తిప్పారు. ఆ తర్వాత రాళ్లు, నత్తలు వచ్చాయి, చివరికి నారింజరంగు చారల చేపలు రెండు వచ్చాయి. లోవరాజు పనినుంచి రాగానే చెప్పులు విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవాడు. పాప వాళ్లమ్మ చంకలోంచే చేపల వైపు చేతులు చాచేది. వీరవేణి మాత్రం పాపని హాల్లో దించేది కాదు. వంటగదిలో దించేది, మంచం మీద దించేది, హాల్లోకి రాగానే ఎత్తుకునేది.

"మనిద్దరం చూసుకున్నాం కదే. ఇంకా నమ్మకం లేదా?" అన్నాడు లోవరాజు ఒకరోజు.

"మనం లాగితే పోయిన కరెంటు కదండీ అది," అంది వీరవేణి. "దానంతటది పోయింది కాదు."

దానంతటది పోయే రోజు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఇంట్లో ఆమె, పాప, అంతే. కాకినాడ ఎండకి వీధులు చడీచప్పుడూ లేకుండా ఉన్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి, పాపకి జుట్టు దువ్వుతోంది. ఫ్యాను ఆగింది. మోటారు హోరు ఆగింది. దువ్వెన చేతిలోనే ఉండగా వీరవేణి పాపని ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తింది. బల్ల తలుపు లాగి కింద కూర్చుంది. గొట్టం గుటకలు వేసింది, ఒకటి, ఇంకొకటి. కన్నంలోంచి గాలి దూరి సన్నగా ఈల వేసింది. సంపులో నీళ్లు గీత దాటి పైకి వచ్చాయి. ఆమె పెదవి పంటి కింద ఉంది. నీళ్లు ఇంకొంచెం వచ్చి, అంచుకి బాగా కిందుగా, ఏ తొందరా లేకుండా ఆగిపోయాయి.

ఆమె చెయ్యి పెట్టి బల్ల కింద చెక్క తడిమింది. వేళ్లు చూసుకుంది. గచ్చు తడిమింది. మళ్లీ చూసుకుంది.

వంటగదిలోంచి పాలు పొంగిన వాసన వచ్చింది. అప్పుడు వీరవేణి పాపని నేల మీద దించింది. హాల్లో, తొట్టి ముందు. ఒక్క క్షణం చెయ్యి గాలిలో అలాగే ఆపి, తీసుకుని, లేచి వంటగదిలోకి వెళ్లింది.

గిన్నె దించిన చప్పుడు అయింది. పొయ్యి తుడుస్తున్న చప్పుడు అయింది. తొందరగా రాలేదు. పాప అరచేతులు రెండూ గాజుకి ఆనించి, చేపలతో ఏవో కబుర్లు చెబుతోంది. దాని మోకాళ్ల కింద నేల పొడిగా ఉంది.