అమ్మ మణికట్టు పట్టీ

ల్యాబుకొచ్చే తొందరలో తను తాళంచెవి మర్చిపోయింది సరే, గొడుగు కూడా ఇంట్లోనే వదిలేసిందా, పోనీలే, అమ్మ తెస్తానంది కదా, ఎదురుగా తెరమీద గీత మాత్రం మళ్ళీ కుడివైపే లేచింది, మొండిఘటం, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలచనైన ఆ అయస్కాంత పొరలో ఒక చివర కదిలిస్తే రెండో చివరిదాకా పాకే అయస్కాంతపు అల, స్పిన్ తరంగం, దాని ఎదుట రెండు దారులు, అడిగినప్పుడు ఎడమకి తిరగాలి, మూడు నెలలుగా ఆ ఒక్కటే అడుగుతోంది, పొర మొత్తాన్నీ అయస్కాంతంలా లాగే పెద్ద తీగచుట్టలో కరెంటు పెంచింది, తగ్గించింది, బతిమాలింది, తిట్టింది, పెంచితే తరంగమే చచ్చిపోతుంది, తగ్గిస్తే కుడికే పోతుంది, సోమవారం నుంచి ఈ బల్ల వేరేవాళ్ళకి ఇస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు అన్నాడు ల్యాబు పెద్దాయన, అనుకోకుండా ఎలా ఉంటుంది, నిన్న బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

అమ్మ వచ్చింది, ఇనుమేదైనా ఉంటే తలుపు దగ్గర ట్రేలో పెట్టు అంటే తాళంచెవి, గొడుగు, ఆఖరికి జడపిన్నులు కూడా తీసి పెట్టి, ఇదేనటే నీ పొర, ఏమీ కనపడదేం, అంటూ బల్లకి ఎడమపక్క చెయ్యి ఆనించింది, అంతే, తెరమీద కుడి గీత చతికిలబడి ఎడమ గీత లేచింది, అమ్మా కదలకు, అయ్యో ఏం పాడుచేశానే, ఏమీ లేదు, చెయ్యి తియ్యి, తీస్తే మళ్ళీ కుడికి, పెట్టు, పెడితే ఎడమకి, ఏమిటబ్బా అని చూస్తే మణికట్టుకి గుండుసూదులు అంటుకునే అయస్కాంతం పట్టీ, ముప్పై ఏళ్ళుగా బట్టలు కుట్టే మనిషికి అది చేతిలో భాగమే, తీయాలని తోస్తే కదా, తిట్టాల్సింది పోయి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, చెయ్యి లాగేస్తోందే, ఎంతసేపిలా బొమ్మలా నిలబడనూ, ఇంకొక్కసారమ్మా, పదకొండుసార్లు పెట్టించింది, పదకొండుసార్లూ తిరిగింది, పెద్దాయన్ని పిలిస్తే ఆయనే వంగి చూసి, పట్టీ విప్పి తన చేత్తో పెట్టి చూసి, సోమవారం మాట మర్చిపో, ముందు ఇది రాసిపెట్టు అన్నాడు.

కుర్చీలో కూలబడింది, హాయిగా ఉంది, ఎప్పుడో చిన్నప్పుడు కుట్టుమిషను ముందు మెడ గుండ్రం కుట్టబోయి బట్టని రెండు చేతులా గుంజుతుంటే, ఏమే, లాగకు, పక్కన వేలు ఆనించు, అదే తిరుగుతుంది, అని అమ్మ వందసార్లు చెప్పింది, ఈ మూడు నెలలూ పొర మొత్తాన్నీ ఒకే బలంతో గుంజింది గానీ, ఒక్క పక్కన మెల్లగా చెయ్యి ఆనించి చూడలేదు.