మేస్త్రి ఇంటి పైకప్పు

గాలివాన వెలిసిన రోజు మా ఆయన చేసిన తప్పు ఈ లోకంలో ఇంకెవరూ చేయరు. మధ్యాహ్నం వడగళ్లు పడి, గాలి మా పైకప్పుని ఎత్తి కుదేసి పోతే, సాయంత్రానికల్లా ఆయన దాన్ని బాగుచేసేశాడు. ఆయన పెంకుల మేస్త్రి. ముప్పై ఏళ్లుగా అందరి ఇళ్లకీ పెంకులు వేస్తున్నాడు. ఎవరి ఇల్లయినా సరే, కప్పు మూయకుండా నిచ్చెన దిగడు. అదొక పట్టింపు. బీమా కంపెనీ వాళ్లు వచ్చి చూసేదాకా ఆగండి మహానుభావా అని కింద నిలబడి గొంతు చించుకున్నాను. "చినుకు పడితే నీ నెత్తిన గొడుగు నేను పట్టాలా?" అన్నాడు పైనుంచి. పెరట్లో పేర్చి ఉన్న పాత పెంకులన్నీ పైకెక్కాయి. పగిలినవాటిని పనిలో పనిగా పొడి కొట్టి సందులోని గుంటలో పోశాడు. మా సాక్ష్యం మీదుగా ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి.

వారం తరవాత బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. వీధిలో నిలబడి, తలెత్తి నాలుగు ఫొటోలు తీసుకుని, "దెబ్బతిన్నది ఎక్కడండీ?" అని అడిగాడు. అతన్ని అని లాభం లేదు, వెతికితే నాకూ కనిపించలేదు. "అటక ఎక్కి లోపలినుంచి చూడండి" అన్నాను. తన ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసుకుని, అక్కర్లేదన్నాడు.

తరవాత ఉత్తరం వచ్చింది. కొత్త కప్పు ఇవ్వడం కుదరదట. పగిలిన పెంకుల మటుకు ఏదో కాస్త ఇస్తారట. ఒప్పుకుంటే కింద సంతకం పెట్టి పంపాలి. ఒప్పుకోకపోతే పదిహేను రోజుల్లోగా కారణాలు రాసి పంపాలి. నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం రెండో పేరా దగ్గర ఆగిపోయాడు. 'పైకప్పు పనితనం మేలైనది' అని ఉందక్కడ. మూడుసార్లు చదివాడు. పిలిచి వాళ్లమ్మకి వినిపించాడు. ఇన్నేళ్లలో ఆయన పనిని కాగితం మీద మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు మరి.

"మన క్లెయిమ్ కొట్టేసిన ఉత్తరమండీ అది!" అన్నాను.

"అవుననుకో" అంటూనే మడత నలగకుండా దాన్ని అద్దం వెనక దాచుకున్నాడు.

"పోనీలే అమ్మాయ్, ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోండి" అంది అత్తయ్య. "వాళ్ల చుట్టూ తిరగడానికి మనకేం పనీపాటా లేవా?"

నాకున్న పని పిల్లల్ని చూసుకోవడం. ఈ వీధిలో ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లు పొద్దున్నే తమ పసివాళ్లని మా ఇంట్లో దింపిపోతారు. మొత్తం ఆరుగురు. మధ్యాహ్నం పెద్దగదిలో వరసగా పడుకుంటారు. ఉత్తరం వచ్చిన మూడో రోజు, దుప్పట్లు సర్దుతుంటే ఒక పాప బుగ్గ మీద చెక్కపొడి కనిపించింది. తుడిచాను. మళ్లీ రాలింది. తలకి జానెడు దూరంలో ఒక మేకు పడి ఉంది, నా వేలంత.

పిల్లల్ని పెరట్లోకి మార్చి, అత్తయ్యని కాపలా పెట్టి, టార్చి పట్టుకుని అటక ఎక్కాను. పెంకులు ముచ్చటగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. వాటిని మోసే వాసాల్లోనే మూడు నిలువునా చీలిపోయాయి. చీలిన చోటల్లా కొత్త ఇనపతీగ చుట్టి ఉంది. అంత పొందికగా తీగ చుట్టే చేతులు మా ఇంట్లో రెండే ఉన్నాయి.

ఆయన పని నుంచి వచ్చి ఇంకా గుమ్మం ఎక్కకముందే అడిగాను, "వాసాల సంగతి మీకు తెలుసా?" అని.

"తెలుసు. గట్టిగానే కట్టాను."

"ఎన్నాళ్లు ఆగుతుంది?"

వంగి చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"మిమ్మల్నేనండీ అడిగేది."

"ఆ వాసాలు నేను ఎంచి వేసినవే" అన్నాడు చివరికి. "మేస్త్రి ఇంటివే విరిగాయని తెలిస్తే రేపు నన్ను పనికెవరు పిలుస్తారు? నా పేరేమైపోతుంది?"

"విరిచింది గాలి. అందులో మీ పేరు పోయేదేముంది? పిల్లల మీద పడితే అప్పుడు చూసుకోండి మీ పేరు!"

"పడదు" అన్నాడు. ఆ మాట నా మొహం చూసి అనలేకపోయాడు.

ఇక తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. వాసాల సంగతంతా రాసి, మొత్తం కప్పు కొత్తది కావాలని కంపెనీకి ఉత్తరం తయారుచేశాను. కానీ ఇల్లూ బీమా ఆయన పేరున ఉన్నాయి. ఆయన సంతకం లేకపోతే అది చిత్తుకాగితం. తీసుకెళ్లి ఆయన అన్నం తినే బల్ల మీద పెట్టాను. రెండు రోజులు దాని పక్కనే తిన్నాడు గాని, దాన్ని ముట్టుకోలేదు.

నేనూ ఊరుకోలేదు. అటక చూసిన మర్నాడే, పొద్దున్నే పిల్లల్ని తెచ్చిన తల్లులకి గుమ్మంలోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. మా కప్పు బాగాలేదు, కొత్తది వేసేదాకా పిల్లల్ని తీసుకోను అని. వీధి వీధంతా విన్నది. మా ఆయన మొహం కందగడ్డ అయింది.

"నా పరువు తీస్తున్నావు."

"తీస్తే తీశాను. సంతకం పెట్టి తెచ్చుకోండి."

అలా అన్నానే గాని, ఆ మధ్యాహ్నం ఖాళీ గదిలో చుట్టిపెట్టిన ఆరు చిన్న పరుపుల్ని చూస్తే ఏడుపొచ్చింది.

మూడో రోజు ఆస్పత్రిలో ఆయాగా చేసే అమ్మాయి పాపని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. మేకు పక్కన నిద్రపోయిన పాపే. మా ఆయన అప్పుడే పనికి బయల్దేరుతున్నాడు.

"అక్కా, ఈ ఒక్కరోజుకి ఉంచుకో. రెండు రోజులు మానేశాను. ఇవాళ కూడా పోకపోతే తీసేస్తారు."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, మీరైనా చెప్పండి. మీరు వేసిన కప్పు కదా. పర్లేదని మీరొక్కమాట అంటే చాలు, నాకింకెవరూ చెప్పక్కర్లేదు."

ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. నిజంగా నమ్మి అడిగింది. అద్దం వెనక దాచుకున్న ఉత్తరంలో కూడా అంత మెప్పు లేదు. మా ఆయన పర్లేదని అనేస్తాడేమోనని భయపడ్డాను.

"వద్దమ్మా" అన్నాడు. "దాని కింద పడుకోబెట్టకు. వాసాలు విరిగాయి. తీగతో కట్టి నేనే దాచాను."

నడివీధిలో, పదిమంది వినేటట్టే అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న కోపమంతా అక్కడికక్కడే దిగిపోయింది. అత్తయ్య గబగబా వచ్చి పాపని అందుకుంది. "ఇటివ్వు, పెరట్లో నా ఒళ్లో పడుకుంటుంది. నువ్వు పరిగెత్తు" అని తల్లిని తరిమింది.

మా ఆయన లోపలికొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, నేను రాసిన ఉత్తరం మొదటినుంచీ చదివాడు. పెన్ను తీశాడు. సంతకం పెట్టే చోటు చూపించబోయాను.

"ఈ 'దయచేసి' ఎందుకు?" అన్నాడు.

"ఉత్తరాల్లో అలాగే రాస్తారు."

"ఏటేటా కట్టాం. గాలికి విరిగింది. ఇవ్వాల్సింది ఇమ్మంటున్నాం. ఇందులో వాళ్ల దయేముంది?"

ఇంత నోరున్నదాన్ని, నాలుగుచోట్ల రాశాను ఆ మాట. ఒక్కొక్కటే వెతికి కొట్టేశాడు. నాలుగో దాని దగ్గర పెన్ను దిగబడి కాగితం చిరిగింది.

"మళ్లీ రాయి" అన్నాడు. "చీలినవి మూడు కాదు, అయిదు. నీకు కనపడకుండా ఇంకో రెండు కట్టాను."

కొత్త కాగితం తీసుకుని, అయిదు అని రాశాను.