ఉదయం ప్రార్థనలో మా అబ్బాయి

మా మనవరాలిని ఇంట్లో అందరం చీమ అంటాం. చిన్నగా ఉంటుందని కాదు, ఒకసారి పట్టుకుందంటే వదిలించడం ఎవరి తరమూ కాదని. దాని తండ్రి, అంటే మా అబ్బాయి, బ్రెడ్డు కంపెనీలో వ్యాను నడిపేవాడు. ఒకనాడు తాగి బండెక్కాడు. సైకిలు మీద పనికి పోతున్న ఒక వడ్రంగిని గుద్దేశాడు. పాపం, ఆయన కాలు మోకాలి దగ్గర తీసేయాల్సి వచ్చింది. మావాడికి జైలు పడింది. కన్నతల్లిని కాబట్టి ఏదో ఒక సాకు వెతుకుతాననుకునేరు. వెతకను, తప్పు వాడిదే. కానీ తప్పని ఒప్పుకోవడం వేరు, నలుగురిలో చెప్పుకోవడం వేరు. తెలిసినవాళ్ళ చూపులు పడలేక ఆ వీధి వదిలేసి, మమ్మల్ని ఎవరూ ఎరగని చోట రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. కోడలు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద కుదురుకుంది. చీమని సిస్టర్ల బడిలో తొమ్మిదో తరగతిలో చేర్చాం.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పాఠాలకి ముందు ప్రతి తరగతిలోనూ ప్రార్థన చేస్తారు. చివర్లో టీచరు "ఇవాళ ఎవరి కోసం అడుగుదాం?" అంటుంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి చెబుతారు. మా తాతయ్య కంటి ఆపరేషను, మా అక్క ఇంటర్వ్యూ, మా కుక్క కనిపించడం లేదు. కుక్క కోసం కూడా అందరూ కళ్ళు మూసుకుని అడుగుతారు, ఒక్కరూ నవ్వరు. మేము ఆ మతంవాళ్ళం కాకపోయినా ఈ పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది.

మొదటిరోజు టీచరు చీమని లేపి, "కొత్తమ్మాయీ, మీ ఇంట్లో ఎవరి కోసమైనా అడగాలా తల్లీ?" అంది. ఇది లేచింది. "మా నాన్న," అంది. ఆ తర్వాత రావలసిన మాట జైలు. అది గొంతులోనే ఇరుక్కుంది. దాని బదులు ఇంకో మాట బయటికి వచ్చింది.

"ఆస్పత్రిలో ఉన్నాడు టీచర్. నడుము."

అంతే. ఆ మర్నాటి నుంచీ తరగతి తరగతంతా మా అబ్బాయి నడుము కోసం దేవుణ్ణి అడగడం మొదలుపెట్టింది. వాళ్ళు మామూలు మనుషులైతే పది రోజులకి మరిచిపోయేవారు. ఆ బడిలో మరిచిపోవడమన్నది లేదు. పక్క తరగతికి పాకింది, ఆపైన బడి మొత్తం మైదానంలో నిలబడే అసెంబ్లీకి పాకింది. ఆటల మాస్టారు నొప్పుల మందు సీసా పంపాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పై తరగతి పిల్ల ఒకతెను పెద్దక్కగా పెడతారు అక్కడ. చీమ పెద్దక్క దానికి లెక్కలు చెప్పడమే కాక, "నాన్నకి బోర్లా పడుకోవడం మంచిదేమో అడుగు," అని సలహాలు కూడా ఇచ్చేది. సాయంత్రం గేటు దగ్గర తల్లులు నన్ను పట్టుకుని "ఇప్పుడెలా ఉంది పెద్దమ్మా మీ అబ్బాయికి?" అని అడిగేవారు. "అలాగే ఉన్నాడమ్మా," అనేదాన్ని. అబద్ధమా మరి? అలాగే, అక్కడే ఉన్నాడు.

అందరికన్నా ముదిరింది చీమ పక్కన కూర్చునే పిల్ల. ఒక్కచోట నిలవదు, నోరు మూతపడదు, అందుకని బడంతా దాన్ని బొంగరం అనేవారు. ఎవరికైనా బాగవ్వాలని తనకిష్టమైనది ఏదైనా వదులుకోవడం వాళ్ళలో ఉంది. బొంగరం ఆలోచించి ఆలోచించి, చీమ వాళ్ళ నాన్న లేచి నడిచేదాకా క్లాసులో మాట్లాడనని మొక్కుకుంది. టీచర్లు దానికి ఒంట్లో బాగాలేదేమోనని హడలిపోయారు.

ఇలా ఉండగా ఒకరోజు చీమ బడినుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా గడప మీద కూలబడింది. టీ పెట్టిచ్చాను, ముట్టుకోలేదు.

"నానమ్మా, శనివారం మా క్లాసంతా నాన్నని చూడ్డానికి వస్తారట."

"ఎక్కడికే?"

"ఆస్పత్రికి. పాటలు నేర్చుకుంటున్నారు. ఏ ఆస్పత్రి, ఏ వార్డు అని అడుగుతున్నారు."

కోడలు ఫ్యాక్టరీ నుంచి వచ్చి విన్నది. చెప్పుల్లో కాళ్ళు చెప్పుల్లోనే ఉన్నాయి, నిర్ణయం అయిపోయింది.

"అత్తయ్యా, బడి మార్చేద్దాం. వేరే ఊరి ఆస్పత్రికి తీసుకెళ్ళారని చెప్పి మానిపించేద్దాం."

"ఎన్ని బళ్ళు మారుస్తావమ్మా," అన్నాను.

"తెలిస్తే దీన్ని బతకనిస్తారా? ఆ పాత వీధిలో దీని మీద ఎలా అరిచేవారో మీరు వినలేదా?"

విన్నాను. వినకపోవడమేమిటి. మాట్లాడింది చీమే.

"నేను ఎక్కడికీ వెళ్ళను. ఆ బడి నాకు నచ్చింది. అక్కడే చదువుతాను. చెప్పింది నేను, సరిచేసేది కూడా నేనే."

"సరిచేశాక నిన్ను ఉండనిస్తారో లేదో," అంది వాళ్ళమ్మ.

"ఉండనివ్వకపోతే అప్పుడు వెళ్తాను. ముందే ఎందుకు పారిపోవడం?"

కోడలు నా వంక చూసింది, ఈ పిల్ల ఎవరి పోలికో చెప్పమన్నట్టు. ఎవరి పోలికో నాకు తెలుసు గానీ, అప్పుడు చెబితే బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు దానితో పాటు నేనూ బడికి వెళ్ళాను. పిల్లల కష్టసుఖాలు చూసే సిస్టరు ఒకావిడ ఉంది అక్కడ. చర్చి తాళాలు, లైబ్రరీ తాళాలు, ప్రయోగశాల తాళాలు అన్నీ ఆవిడ నడుముకే ఉంటాయి. నడిస్తే గలగలమంటూ ముందే తెలిసిపోతుంది కాబట్టి పిల్లలకి ఆవిడంటే భయం లేదు. అల్లరి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది కదా. తాళాల సిస్టరు అంటారు. ఆవిడ గదిని పిల్లలు మాటల గది అంటారు. ఒక పాత సోఫా, ఒక కుర్చీ, కిటికీలో పూలకుండీ, బల్లమీద కాగితం రుమాళ్ళ డబ్బా. ఆ డబ్బా చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. నేను ఏడుస్తుంటే చీమ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి నుంచి చివరిదాకా, తండ్రి తాగిన సంగతితో సహా, ఏమీ మింగకుండా చెప్పింది.

సిస్టరు తిట్టలేదు. "అయ్యో తల్లీ," అని కూడా అనలేదు. ఇలా అంది:

"శనివారం వెళ్ళడం నేను ఆపేస్తాను. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. నీకు ఇష్టమైతే మీ టీచరు ఒక్కరికే చెబుతాను. ఈ గదిలో చెప్పింది ఈ గదిలోనే ఉంటుంది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అలా చెయ్యండి సిస్టరమ్మా, మీకు పుణ్యం ఉంటుంది," అన్నాను.

"వద్దు సిస్టర్," అంది చీమ.

"ఎందుకమ్మా?"

"వాళ్ళు అందరి ముందూ గట్టిగా అడిగారు కదా దేవుణ్ణి. నేను మీ చెవిలో చెప్పి ఊరుకుంటే ఎలా? రేపు పొద్దున కూడా నడుము కోసమే అడుగుతారు. నేను కళ్ళు మూసుకుని నిలబడాలి. నావల్ల కాదు."

సిస్టరు ముందుకి వంగింది. "కొందరు ఏమైనా అనొచ్చు. నేను అందరి నోళ్ళూ మూయించలేను. ఆ సంగతి ముందే చెబుతున్నాను," అంది.

"అననివ్వండి. నిజం విని అంటారు కదా."

"సరే అయితే. అసెంబ్లీలో నీ వంతు ఇప్పిస్తాను. కానీ ముందు ఇక్కడ చెప్పి చూడు. ఆ కుర్చీకి చెప్పు."

చీమ కుర్చీ ముందు నిలబడింది. ఇంతసేపూ గడగడా చెప్పిన పిల్లకి జైలు అనే మాట దగ్గర గొంతు పట్టేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. నేను లేచి, "ఇదంతా ఎందుకే బంగారం," అనబోయాను. సిస్టరు నా చేతిమీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. చీమ ఆ కుర్చీని కోపంగా చూసి మళ్ళీ మళ్ళీ చెప్పింది, మాట బయటపడేదాకా. కుర్చీ కూడా భయపడి ఉంటుంది.

శుక్రవారం అసెంబ్లీకి చీమ నన్నూ రమ్మంది. వరండాలో, స్తంభం పక్కన నిలబడ్డాను. కోడలు రాలేదు, రానంది గానీ పొద్దున్నే లేచి చీమ రిబ్బన్లు తనే ఇస్త్రీ చేసింది. మైదానం నిండా నీలం స్కర్టులు, తెల్ల చొక్కాలు. చీమ మెట్లెక్కి మైకు ముందు నిలబడితే మైకు దాని నుదుటి దగ్గరికి వచ్చింది. ఆటల మాస్టారు వచ్చి వంచి పెట్టాడు.

"మా నాన్న ఆస్పత్రిలో లేడు," అంది. "నేను అబద్ధం చెప్పాను. ఆయన జైల్లో ఉన్నాడు."

కుర్చీ ముందు ఆగినట్టు ఇక్కడ ఆ మాట దగ్గర ఆగలేదు.

"తాగి వ్యాను నడిపి ఒక వడ్రంగి గారిని గుద్దాడు. ఆయనకి ఒక కాలు పోయింది. మీరందరూ ఇన్నాళ్ళూ మా నాన్న కోసం ప్రార్థన చేశారు. ఆయనకి ఏ నొప్పీ లేదు. నొప్పి ఉన్నది ఆ వడ్రంగి గారికి. ఆయన కోసం ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. మీరు చేసినవన్నీ ఆయనకి ఇచ్చేయండి. నన్ను క్షమించండి."

ప్రార్థనలు వడ్రంగికి ఇచ్చేయమనే సంగతి కుర్చీకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆయనెవరో పరాయి మనిషి అన్నట్టే బతికాం మేము ఇన్నాళ్ళూ. ఆయనకి భార్య ఉందో లేదో, పిల్లలున్నారో లేదో ఒక్కసారైనా అనుకోలేదు.

తర్వాత రోజూ ప్రార్థన చదివే పై తరగతి పిల్ల మైకు దగ్గరికి వచ్చింది. మామూలుగానే అంది: "కాలు పోయిన వడ్రంగి గారి కోసం. జైల్లో ఉన్న మన చెల్లి వాళ్ళ నాన్న కోసం." అందరూ కళ్ళు మూసుకున్నారు. అందరూ అంటే అందరూ కాదులెండి, కొందరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. నేను చూశాను.

చీమ మెట్లు దిగగానే బొంగరం దూసుకొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమే, నేను ఇన్నాళ్ళూ క్లాసులో నోరు మూసుకున్నాను, తెలుసా? మంచి మంచి మాటలు ఎన్ని మింగానో తెలుసా? అదంతా లేని నడుముకా?"

"కాలుకి ఇచ్చేయమన్నాను కదా."

"నువ్వెవరివి ఇవ్వడానికి? అది నా మౌనం." కాసేపు బుసలు కొట్టింది. "ఇచ్చేశానులే. కానీ కాలు మళ్ళీ మొలవదు కదా, నేనెప్పటిదాకా మాట్లాడకూడదు?"

చీమ ఆలోచించి, "ఇవాళ్టి నుంచి మాట్లాడు," అంది. టీచర్లు మాత్రం ఆ నిర్ణయానికి సంతోషించి ఉండరు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఇద్దరు పిల్లలు బెంచీ మారారు. ఎవరో దాని డెస్కు మీద సుద్దతో జైలు కిటికీ గీశారు. అది తడిగుడ్డతో తుడిచి పుస్తకాలు పెట్టుకుంది. ఒక తల్లి బడి నడిపే పెద్ద సిస్టరు గదికి వచ్చి, "ఆ పిల్ల పక్కన మా అమ్మాయిని కూర్చోబెడతారా?" అని గొడవ పడింది. చీమని తీసుకెళ్ళడానికి వచ్చి నేను బయట బల్ల మీదే ఉన్నాను, తలుపు తెరిచే ఉంది.

"మీ అమ్మాయి బెంచీ మార్చమంటే మారుస్తాను," అంది పెద్ద సిస్టరు. "ఆ పిల్లని మాత్రం ఎక్కడికీ మార్చను. ఇది ఆ పిల్ల బడి."

ఆ మాట ఇంటికి వచ్చి కోడలికి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

పాటలు నేర్చుకున్న తరగతి ఊరికే ఉండలేక వడ్రంగి గారింటికి వెళ్దామంది. తాళాల సిస్టరు ముందు తనొక్కతే వెళ్ళి అడిగింది. ఆయన వద్దన్నాడు. మర్యాదగానే అన్నాడట గానీ, వద్దనే అన్నాడు. ఎందుకనడు మరి. సిస్టరు ఆ కబురు చెప్పినప్పుడు చీమ ముఖం చిన్నబోయింది. మరుక్షణం తల ఎత్తి, "ప్రార్థనకి ఆయన ఒప్పుకోవాలా సిస్టర్?" అంది. అక్కర్లేదంది సిస్టరు. "అయితే మానెయ్యం," అంది.

ఖైదీలని కలవనిచ్చే ములాఖత్ రోజున నేనూ చీమా జైలుకి వెళ్ళాం. ఆ గది మీరు చూసి ఉండరు, చూడకూడదు కూడా. మధ్యలో ఇనుప జాలీ, అటు వరసగా వాళ్ళు, ఇటు వరసగా మనవాళ్ళు, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. మావాడు చిక్కిపోయాడు. ఎప్పట్లాగే తలెత్తకుండా, "తిన్నారా అమ్మా?" అన్నాడు.

చీమ జాలీకి ముఖం ఆనించి జరిగిందంతా చెప్పింది. మైకులో చెప్పానన్నప్పుడు వాడు కళ్ళు మూసుకున్నాడు.

"నా పరువు తీశావా తల్లీ," అన్నాడు మెల్లగా.

"నీ పరువు నేను తియ్యలేదు నాన్నా."

వాడు తలెత్తకుండానే, "ఆయన ఏమన్నాడు?" అని అడిగాడు. ఎవరని మేము అడగలేదు.

"రావద్దన్నాడు. అయినా మా బడిలో రోజూ ఆయన కోసం అడుగుతున్నాం. నువ్వు కూడా అడగాలి."

"నాకు ప్రార్థన రాదమ్మా."

"నాకూ రాదు. లేచి నిలబడి ఎవరి కోసమో చెప్పడమే. అందరూ వినేలా చెప్పాలి, మనసులో కాదు."

"ఇక్కడా? ఇంతమందిలోనా?" అని అటూ ఇటూ చూశాడు.

"మా బడిలో ఇంతకన్నా ఎక్కువమంది ఉన్నారు."

"రేపటి నుంచి మొదలుపెడతాలే."

"రేపు నేను ఉండను. ఇప్పుడు చెప్పు."

"చిన్నపిల్ల, ఏదో అంటోందిలే, వదిలెయ్యరా," అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. తాళాల సిస్టరు నా చేతిమీద చెయ్యి వేసి కూర్చోబెట్టినట్టు, నన్ను నేనే పట్టుకున్నాను. చీమ కదల్లేదు. రెండు చేతులతో జాలీ పట్టుకుని తండ్రినే చూస్తోంది.

మా అబ్బాయి చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి ఏమీ వినపడలేదు. చీమ తల అడ్డంగా ఊపింది. రెండోసారి వాడు తల పైకెత్తి, పక్కన అరుస్తున్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు:

"నావల్ల కాలు పోయినాయన ఒకరున్నారు. ఆయన కోసం."