పారమ్మ ఛాతీ మీద ఒకటిన్నర రోజు

నేను ఒక మందు పట్టీని. అగ్గిపెట్టెకన్నా చిన్నదాన్ని, ఉల్లిపొరంత పలచన. చూసినవాళ్ళు నడుంనొప్పి ప్లాస్టరనుకుంటారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. చర్మంలోంచి మెల్లమెల్లగా దిగుతూ మూడు రోజులు క్యాన్సర్ నొప్పిని తొక్కిపట్టే మందు నాది! ఫ్యాక్టరీలో నన్ను కత్తిరించి, పొట్లంలో సీలు చేసి, మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు హెచ్చరికలు అచ్చేశారు. మనుషులు హెచ్చరికలు రాసేది ఎదుటివాడు బతకడానికి కాదులెండి, రేపు తమ మీదికి రాకుండా.

శ్రీకాకుళం వైపు ఒక ఆసుపత్రిలో నన్ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్కడికి వచ్చింది పారమ్మ. నలభై ఏళ్ళు చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చిన మనిషి. అంగిట్లో మొదలైన పుండు దవడని తినేసింది. మార్ఫిన్ బిళ్ళలు మింగుడుపడవు. మింగినా వాంతి. వాంతి కాకపోతే గోడల మీద జెర్రులు పాకుతున్నాయని కేకలు. ఆమెకి కావలసింది పెద్ద కోరికేం కాదు, ఒక్క పూట నొప్పి లేకుండా మొగుడితో నాలుగు మాటలు.

"ఒక మందు పడకపోతే ఇంకోటి పడుతుంది, మార్చి చూద్దాం," అన్నాడు డాక్టరు.

సిస్టర్ సరళకుమారి నన్ను పారమ్మ ఛాతీ మీద అతికించి, మొగుడు దాలినాయుడితో, "మూడు రోజులకోటి మార్చు తాతా. వాడినవి మడిచి తెచ్చివ్వాలి, పారెయ్యకూడదు," అంది. బయట అరవై మంది వరసలో ఉన్నారు. పనిచెయ్యడానికి ఒక రోజు పడుతుందనీ, వేడి తగలకూడదనీ చెప్పడం మరిచిపోయింది.

ఆ రోజంతా నేను దిగుతూనే ఉన్నా పారమ్మ మూలుగు ఆగలేదు. "ఏటీ పట్టీ! కాయితం ముక్క అతికించీసి పంపించీసినారు," అని దాలినాయుడు డాక్టర్నీ నన్నూ కలిపి తిట్టాడు. పెళ్ళామంటే ప్రాణం పెట్టే మనిషి. వచ్చిన చిక్కంతా అదే. మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాడు. ఆ ఇంట్లో ఏ నొప్పికైనా ఒకటే వైద్యం, ఉప్పు కాపడం. గళ్ళుప్పు మూకుట్లో వేయించి పాత పంచె ముక్కలో మూట కట్టాడు. దవడ మీద చెయ్యి ఆననివ్వదు కదా, అందుకని మందు ఉన్నచోటే కాస్తే తొందరగా ఎక్కుతుందని సరిగ్గా నా మీద పెట్టాడు.

అతని తెలివి తప్పు కాదు, అదీ దారుణం. దాచిదాచి ఇవ్వాల్సిన మందు గబగబా దిగిపోయింది. వేడి తగిలితే వదిలెయ్యడం తప్ప నాకేం చేతకాదు.

మధ్యాహ్నానికి పారమ్మ ముఖం విప్పారింది. "ఓలయ్యా, నొప్పి నేదు. నా పక్కన కూకో."

"నిజిమేటే?"

"నిజిమే. మన పెళ్ళినాడు నీ సెప్పులు పోనాయి గదా, అవి మా తమ్ముడే దాసినాడు."

దాలినాయుడు నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఆ సంబరంలో ఉప్పు మళ్ళీ వేయించి తెచ్చాడు. మాట మధ్యలో ఆమె కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళకో నిద్రపట్టిందని మురిసిపోతూ విసనకర్రతో విసిరాడు. కోడి అరిస్తే పెళ్ళాం లేస్తుందని కసిరి తోలాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరగడం నాకు తెలుస్తూనే ఉంది. దీపాల వేళకి ఊపిరే లేదు.

చివరి స్నానం పోసేటప్పుడు ఊడదీసి మడిచి దాచిన నన్ను, పెద్దకర్మ మర్నాడు, ఇచ్చినవాటిలో వాడని పట్టీలతో కలిపి ఆసుపత్రికి తెచ్చాడు.

"బాధపడిందా తాతా?" అంది సిస్టర్.

"నేదమ్మా. నవ్వుతా నిద్దరోయి అలాగే పోనాది. నీ సెయ్యి సల్లగుండాల," అని దండం పెట్టాడు. వెనక ఒక నడివయసు ఆడమనిషి మొగుడి కోసం ఇచ్చిన అలాంటి పట్టీనే పట్టుకుని నిలబడి ఉంది. దాలినాయుడు ఆమెవైపు తిరిగాడు. "సూడమ్మా, ఇది ఒట్టినే పని సెయ్యదు. దీని మీద ఉప్పు కాపడం ఎట్టు. గంటగంటకీ ఎట్టు, నా మాట ఇను."

సిస్టర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ముసలాయన్ని చూసింది, ఆ ఆడమనిషిని చూసింది. ఇద్దరిలో ఒక్కరినే కాపాడగలదు.

"వద్దమ్మా," అంది ఆ ఆడమనిషితో. "వేడి తగిలితే మందంతా ఒక్కసారి ఎక్కి ఊపిరి ఆగిపోద్ది. నేను ముందే చెప్పాల్సింది తాతా."

దాలినాయుడి ముఖం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. "అయితే అది నిద్దర కాదేటమ్మా?"

సిస్టర్ తల వంచుకుని నన్ను ఎర్ర డబ్బాలో పడేసింది. మూత పడ్డాక కూడా అతను అడుగుతూనే ఉన్నాడు.