పడవకు ఎర్ర పట్టీ

మీరాలం చెరువు మీద నా పడవ ఉందని మా అత్తమ్మకు తెలిసేది దాని పట్టీ వల్లనే. తెల్ల పడవ, తెల్ల తెరచాప, పొద్దెక్కాక తెల్లగా మెరిసే నీళ్ళు. ఆమెకు మిగిలిన ఒక్క కంటికి ఇవన్నీ కలిసిపోయి పాలమీగడలాగా కనిపించేవి. పడవ అంచు కింద, ముక్కు నుంచి వెనక దాకా, బెత్తెడు వెడల్పున ఎర్రటి పట్టీ ఒకటి ఉండేది. చెరువు కట్ట మీద గొడుగు వేసుకుని కూర్చుని ఆమె ఆ ఎరుపునే చూస్తుండేది.

"మీరు కనవడరు, పడవ కనవడది. నీళ్ళ మీద ఎర్రపురుగు ఒకటి పాకుతుంటది. గదే మా అల్లుడనుకుంట" అనేది.

ఏళ్ళ ఎండకూ నీళ్ళకూ ఆ ఎరుపు గులాబీ రంగుకు దిగింది. తర్వాత ఆ గులాబీ కూడా పెచ్చులుగా రాలింది. ఆ చలికాలం ఒక ఆదివారం నేను పడవ ఒడ్డుకు కట్టి, కట్ట ఎక్కి ఆమె పక్కకు వచ్చేసరికి ఆమె ఇంకా చెరువు వైపే చూస్తున్నది. "అత్తమ్మా" అంటే ఉలిక్కిపడింది.

"ఒచ్చిండ్రా? ఇంక నీళ్ళల్లనే ఉన్నరనుకుంటున్న" అన్నది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "ఎంతసేపటి సంది ఉత్త నీళ్ళను జూస్తున్ననో" అన్నది.

నేను నీళ్ళ శాఖలో కెమిస్టుని. చెరువు నడుమ నుంచి నీళ్ళు తెచ్చి పరీక్ష చేయడం నా పని. ఊరు వదిలి వెళ్ళిపోతూ ఒక మిలిటరీ ఇంజనీరు ఈ చిన్న తెరచాప పడవను మాకిచ్చి పోయాడు. పనిరోజుల్లో తెడ్డు వేసేవాణ్ణి. ఆదివారాలు మాత్రం తెరచాప ఎత్తేవాణ్ణి. నా భార్య విమల ఉన్నప్పుడు కట్ట మీద తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చునేవారు. విమల పోయాక, పదో రోజుకని ఉన్న వాసవాంబ అత్తమ్మ నాతోనే ఉండిపోయింది. చార్మినార్ దగ్గర బట్టల దుకాణాలున్న కొడుకులు రమ్మని పిలిస్తే "పోదాంలే" అనేది. అట్లా ఏళ్ళు గడిచాయి. పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే గాజుల్లేని చేతుల చప్పుడు, గిన్నె మీద గిన్నె పెట్టే చప్పుడు, అది చాలు ఆ ఇల్లు ఇల్లుగా ఉండడానికి.

ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. కుడి కంటికి ఇప్పుడు శుక్లం ముదిరింది. కోస్తే చూపు వస్తుందని, రాకపోనూవచ్చని డాక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వచ్చే సోమవారం దవాఖానకు రమ్మన్నాడు.  మర్నాడు రాత్రి అన్నం ముందు కూర్చుని ఆమె ఒక మాట అన్నది.

"పోత. గని పొయ్యేముందుగాల ఆ చెరువు మీద పడవను ఒక్కపారి సూస్త. సూసింది లోపల వెట్టుకుంట. తర్వాత ఏమైనా సరే."

ఆమెకు కనబడేలాగా పట్టీకి కొత్తగా రంగు వేయిద్దామనుకున్నాను. చెరువు దగ్గర గాలికి దుమ్ము లేచి తడి రంగు మీద పడుతుంది. అందుకని పడవను ఎడ్లబండి మీద సైదాబాదులో మా ఇంటికే తెచ్చాను. వీధి మలుపులో చాయ్ దుకాణం ముందు బండి ఆగిపోయింది. దుకాణమాయన కప్పు కడుగుతూ, సైదాబాదుకు సముద్రం వస్తున్నదా అని నవ్వకుండా అడిగాడు: "క్యా సాబ్, సైదాబాద్ మే సమందర్ ఆరా క్యా?"

"నల్లా నీళ్ళే సరిగ్గా రావట్లేదు భాయ్" అన్నాను. నలుగురు చేయి వేశారు. వాకిట్లో రెండు బల్లల మీద పడవను ఎక్కించి వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున పురానాపూల్ నుంచి ఆగయ్య వచ్చాడు. టాంగాలకు, రిక్షాలకు గీతలు గీసే మనిషి. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సారూ, దీని గుర్రమేది?" అన్నాడు.

"గాలే గుర్రం."

"దాణా ఖర్చు లేదన్నట్టు."

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ నవ్వింది. "నీ చెయ్యి వణుకుతదా ఆగయ్యా? వణికితే ఇప్పుడే చెప్పు."

"పొద్దుగాల జర కల్లు వడితె వణకదమ్మా."

"ఇయ్యాల పడ్డదా?"

"మీ ఇంటికొస్తున్న గదా అని రెండు ముంతలు పడ్డది. ఫికర్ చెయ్యకుండ్రి."

పాత పట్టీని గరుకు రేగుమాల్ కాగితం పెట్టి గీకాడు. గులాబీ రంగు పొడి వాకిలంతా రాలింది. సన్నటి ఎండలో ఆ పొడి లేచి మళ్ళీ దిగుతుంటే నాకు ఎక్కడో చూసిన పెళ్ళిపందిరి గుర్తొచ్చింది, ఎవరి పెళ్ళో గుర్తు రాలేదు. రంగు ఎంచడానికి ఆగయ్య చెక్కపేళ్ళకు తలా ఒక రంగు పూసి, గేటు దాకా పోయి ఒక్కొక్కటీ పట్టుకు నిలబడ్డాడు. నీలం చూపితే ఆమె "చెయ్యి లేపు" అన్నది. లేపే ఉంది. పచ్చ చూపితే "చెట్టు గాదా అది?" అన్నది. ఎరుపు చూపగానే వేలు చూపించింది. ఆ వేలు సరిగ్గా చెక్క మీదికే ఉన్నది.

టాంగా పలకల్లాగా పడవ పక్కలు చదునుగా ఉండవు. నడుమ ఉబ్బి చివరలకు సన్నబడతాయి. గీతకు ఆనవాలుగా లాగి కట్టిన దారం నడుమ జారి ఎగిరిపోతుంటే ఆగయ్య దారం పారేసి, సన్నటి వెదురుబద్దను పడవ ఒంపుకు వంచి కట్టి, దాని వెంట సుద్దతో గుర్తు పెట్టాడు. మధ్యాహ్నం దాటాక పొడుగు వెంట్రుకల కుంచె తీసి, చిటికెన వేలు పడవ అంచుకు ఆనించి, వెనక్కి నడుస్తూ గీత లాగాడు. ఊపిరి కూడా పీల్చినట్టు లేదు. పక్కింటి రేడియో వార్తల నుంచి పాటలకు మారింది. ముందు పై గీత, తర్వాత కింది గీత, తర్వాత రెండింటి నడుమ రంగు నింపడం. చీకటి పడేలోగా రెండు వైపులా ఎరుపు నిండింది. తడి తడిగా, గుడిసెలో దీపం పెట్టినట్టు వెలిగింది.

"చలికి ఎనామిల్ తొందరగ ఆరది సారూ. రేపు పొద్దు గూకేదాంక ఎవలు ముట్టొద్దు" అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట నాకు చెప్పాడు. అత్తమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె పడవ దగ్గరికి వస్తుందని నాకు తోచలేదు.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం తెల్లవారకముందే లేచి గడప కడిగి పసుపు రాయడం ఆమె అలవాటు. చూపు తగ్గాక తడుముకుంటూ రాసేది. అరచేతితో గడప ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు పాముకుంటూ పోయి, తర్వాత వేలితో కుంకుమ బొట్లు. నేను ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి గడప పని అయిపోయింది. ఆమె వాకిట్లో పడవ పక్కన నిలబడి ఉంది. చేతిలో పసుపు గిన్నె.

వీధి వైపు ఉన్న పట్టీ మొత్తం, ముక్కు నుంచి వెనక దాకా, పసుపు రాసి ఉంది.

ఆరని రంగులో పసుపు కలిసి నారింజ అయింది. కొన్నిచోట్ల ముద్దగా, కొన్నిచోట్ల పలచగా. నాలుగు వేళ్ళ గీతలు పొడుగునా అలలు అలలుగా పోయాయి. పైకీ కిందికీ పాకి తెల్లరంగు మీదికి కూడా మరకలు పడ్డాయి. నడుమ నడుమ కుంకుమ బొట్లు.

"ఒచ్చిండ్రా" అన్నది నా అడుగు విని. ఆమె ముఖం వెలుగుతున్నది. "నీళ్ళల్లకు దిగే బండికి పసుపు రాయకుంట ఎట్ల? ఈ పట్టీనే దానికి గడప గదా. మీరు అప్పటికే కడిగిపెట్టిండ్రు, తడిగ తగిలింది. ఎట్లున్నది?"

 అదే సమయానికి, రంగు ఎంత ఆరిందో చూద్దామని ఆగయ్య గేటు తీసుకుని వచ్చాడు. చూసి నిలబడిపోయాడు. నా వైపు చూశాడు. ఆమె చేతుల వైపు చూశాడు.

"మస్తుగున్నదమ్మా" అన్నాడు.

మంచి మనిషి. కానీ ఆ ఒక్క మాటకు ముందు అతను ఆగిన ఆలస్యం ఆమెకు సరిపోయింది. రెండు వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంది. అవి అంటుకున్నాయి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఆరలేదా?" అన్నది.

నేను ఆమె చేతిలోంచి పసుపు గిన్నె అందుకున్నాను.

"ఖరాబు జేసిన" అన్నది.

"మళ్ళ గీస్తనమ్మా, గదెంత పని" అన్నాడు ఆగయ్య. నన్ను పక్కకు పిలిచి మాత్రం గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. జిగట మీద మళ్ళీ రంగు వేస్తే నిలవదు. పూర్తిగా గట్టిపడనిచ్చి, గీకి, మళ్ళీ పూసి ఆరేసరికి సోమవారం దాటిపోతుంది.

అత్తమ్మ చేతులకు కిరసనాయిలు రాసి తుడుస్తుంటే ఆమె చిన్నపిల్లలాగా చేతులు నాకు అప్పగించి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె చేతులు నేను పట్టుకున్నది అప్పుడే.

"శుక్రవారం పూట చెయ్యి వెట్టి చెడగొట్టిన. మంచిది గాదిది. చెరువు వద్దు, దవఖాన వద్దు. ఉన్నంత చూపుతోటి ఉంట" అన్నది.

"ఆదివారం పోతున్నం అత్తమ్మా" అన్నాను.

"గా గలీజు పడవ ఏసుకోనా? నలుగురు నవ్వుతరు."

"మీరాలం చెరువులో నవ్వేటందుకు చేపలు తప్ప ఎవరున్నారు?"

ఆమె తుడిచిన చేతులు కొంగులో చుట్టుకుంది. 

ఆదివారం బండి కట్టించాను. రాత్రి కురిసిన మంచు ఇంకా చెరువు మీదే ఉంది. మంచు కింద నీళ్ళు లేనట్టే ఉన్నాయి. చెరువు కాపలా కాసే సీమోను పడవ దింపడానికి చేయి వేశాడు. పట్టీ వైపు ఒకసారి చూసి, అత్తమ్మకు రాతికట్ట మీద గోనెసంచి పరిచి కూర్చోబెట్టాడు. ఆమె గొడుగు కూడా తెరవలేదు. ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

తెరచాప ఎత్తాను. మొదట గాలి రాలేదు. తర్వాత ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు చాప కదిలింది, నిండింది. కట్టకు సమాంతరంగా పడమటి వైపు సాగాను. మంచు కరుగుతూ పొడుగాటి తెల్లపోగుల్లాగా లేస్తుంటే పడవ ఆ పోగుల నడుమ పోయింది. కట్ట కమానులు ఒక్కొక్కటే కనబడి మళ్ళీ మాయమయ్యాయి. చప్పుడంటే పడవ ముక్కు కింద నీళ్ళ గుసగుస ఒక్కటే. ఎంతసేపు పోయానో తెలియదు. విమల ఉండే రోజుల్లోలాగా వెనక్కి చూడకుండా పోయాను. చివరికి పోయి, మలుపు తిప్పి, మళ్ళీ వచ్చాను. మళ్ళీ పోయాను, మళ్ళీ వచ్చాను.

ఒడ్డుకు చేరేసరికి ఆమె నిలబడి ఉంది. సీమోను ఆమె మోచేయి పట్టుకుని ఉన్నాడు.

"సారూ, అమ్మ అన్నీ జెప్పింది. ఇగో మర్లిండు, ఇగో ఒస్తుండు అని. ఒక్కటి తప్పు పోలె" అన్నాడు సీమోను.

"పోతుంటె ఎర్రగ పోయిండ్రు. ఒస్తుంటె నిప్పుల రంగుల ఒచ్చిండ్రు" అన్నది అత్తమ్మ. "ఇన్నేండ్ల సంది చూస్తున్న గని, పురుగు అటు పోతున్నదో ఇటు ఒస్తున్నదో ఎన్నడు ఎరుకలేదు. అమ్మాయిని అడుగుతుంటి. అది జెప్పేది, ఒస్తున్నడమ్మా అని. అది పోయినంక అడిగెటందుకు ఎవలు లేకపోయిరి. మీరు ఒడ్డుకొచ్చి పిలిచేదాంక గుండె చేతుల వట్టుకోని కూసుంటుంటి."

పోయేటప్పుడు పడవ ఒక పక్క ఆమె వైపు ఉంటుంది, వచ్చేటప్పుడు రెండో పక్క. ఇది నాకు తెలియని సంగతి కాదు. నాకు తెలియనిది ఆమె గుండె సంగతి. నేను గాలి కోసం, నీళ్ళ కోసం తిరుగుతున్నంతసేపూ కట్ట మీద ఒక మనిషి నా రాక కోసం కూర్చుని ఉండేదన్నమాట.

"రేపు యాళ్ళకు పోదాం. డాక్టరు సాబు దగ్గర ఆలస్యం జేస్తె బాగుండది" అన్నది ఆమె.

ఆ సోమవారం కంటికి కోత అయింది. కట్టు విప్పిన నాడు డాక్టరు వేళ్ళు చూపిస్తే లెక్క పెట్టకుండా, ఆయన ఉంగరం రాయి ఏ రంగో చెప్పింది. దుకాణంలో సీసా అడుగులంత మందం కళ్ళజోడు చేయించాం. అది పెట్టుకుని నన్ను చూసి "ముసలోళ్ళయిండ్రు గదా" అన్నది. 

మాఘం చివర్లో పడవను మళ్ళీ వాకిట్లోకి తెచ్చాం. ఆగయ్య రేగుమాల్ కాగితం, రంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు పట్టీ బాగా గట్టిపడింది. గీకి మళ్ళీ గీయవచ్చు. డబ్బా మూత తీసి, కర్రతో కలిపి, పడవ పక్కన గొంతుక్కూర్చుని అత్తమ్మ వైపు చూశాడు.

"ఎట్ల జేద్దామమ్మా? రెండు దిక్కులు ఎరుపేనా, ఒక దిక్కు నారింజ పెడుదునా?"

ఆమె కళ్ళజోడు సవరించుకుని పడవ మీదికి వంగింది. ఆ చేతి గీతలను, ముద్దలను, తెల్లరంగు మీదికి పాకిన మరకలను ముక్కు దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క జానెడు చూసుకుంటూ పోయింది. నేను, ఆగయ్య ఊరకే నిలబడ్డాం. కర్ర చివర నుంచి ఎర్రటి చుక్క ఒకటి డబ్బాలోకి జారింది.

"అమ్మా?" అన్నాడు ఆగయ్య.

"జర ఉండు" అన్నది ఆమె, తల ఎత్తకుండా. "ఇంక సూస్తున్న."