నా పేరున మొక్కు

"ఇంకెప్పుడు మానేస్తావమ్మాయ్ ఉద్యోగం?" అంది మా అత్తగారు, ఆరిన దుప్పటి రెండో కొస నేను ఆవిడ చేతికి అందిస్తుంటే. ఇంట్లో మరొకరి సాయంతో నేను చేసే పని ఆ దుప్పట్లు మడతపెట్టడం ఒక్కటే. వేళాకోళమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నాను. వాడు లేచి తిరిగితే కోడలు ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటుందని. తిరుగుతున్నాడుగా మరి!"

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఊపిరితిత్తులు పాడై చావు తప్పించుకుని వచ్చిన మా ఆయన ముందు గదిలో పేపరు చదువుకుంటున్నారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్తారాయన. దేవుడు లేడని సభలెక్కి మరీ చెప్తారు. పొద్దున నేను కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే చాలు, "ఏమంటున్నాడు మీవాడు? ఉన్నానంటున్నాడా?" అని మొదలుపెడతారు. స్నేహితులొస్తే ఇక పట్టపగ్గాలుండవు. "మా ఆవిడ ల్యాబ్‌కి వెళ్తూ బుర్ర వెంట తీసుకెళ్తుంది. ప్రార్థనకి ముందు తీసి అలమరలో పెడుతుంది." వాళ్ళంతా పగలబడి నవ్వుతారు. నేను టీ కప్పులు తీస్తాను. అయినా ఆ రోజు ఆశగానే ఆయన దగ్గరికి వెళ్ళాను. మొక్కులంటే మండిపడే మనిషి, ఈ మొక్కుని మొదటి మాటతోనే కొట్టిపారేస్తారనుకున్నాను.

"అమ్మ చాదస్తం," అన్నారు పేపరు దించకుండానే. అమ్మయ్య అనుకున్నాను. పేజీ తిప్పి, "అయినా పెద్దావిడ మనసు కష్టపెట్టడమెందుకు? లాజికల్‌గా ఆలోచించు. నా జీతం సరిపోతుంది. నీకూ ఈ పరుగులు తప్పుతాయి," అన్నారు.

అంట్లు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. ఇన్నేళ్ళుగా ఒక్క విషయంలోనూ కలవని తల్లీకొడుకుల ఆస్తికత్వమూ నాస్తికత్వమూ, నా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఎంత చక్కగా చేతులు కలిపాయి! మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగానికి పెద్దని నేను. నేను సంతకం పెట్టనిదే ఒక్క మాత్ర కూడా గేటు దాటదు. పోయినేడు ఒక సరుకు పరీక్షలో తప్పింది. మేనేజర్ నా బల్ల ముందు నిలబడి, "కాస్త చూసీచూడనట్టు పోండి మేడమ్," అన్నాడు. నేను సంతకం పెట్టకుండా ఆ సరుకు ఆపేశాను. ఇంటికొచ్చి చెప్తే, "అదీ చదువంటే," అన్నారు మా ఆయన. "అంతా దేవుడి దయ," అంది మా అత్తగారు. అది నువ్వు, నీ గుండె అన్నవాళ్ళు లేరు. ఆ మాటా నేనే చెప్పుకున్నాను. మాత్రలో ఏముందో యంత్రం చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాసే ధైర్యం ఆ పొద్దున కళ్ళు మూసుకున్నప్పుడు అడిగి తెచ్చుకున్నాను. ఇందులో నాకు ఏ తగవూ కనపడలేదు. రెండుచోట్లా నేను అబద్ధమాడను, అంతే. తగవు వాళ్ళిద్దరిదీ. మధ్యలో నలిగేదాన్ని నేను.

మర్నాడు పొద్దున ప్రార్థన నుంచి లేచి, చీర సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని ముందు గదిలోకి వచ్చాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"అత్తయ్యా, నేను మానేయడం లేదు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "దేవుడికిచ్చిన మాటమ్మా!"

"మాట మీరిచ్చారు. నన్నడగలేదు. ఇస్తే మీది ఇవ్వాలి గానీ నాది ఎలా ఇస్తారు?"

"నాదంటూ ఏముందే తల్లీ ఇవ్వడానికి?" అంది ఆవిడ. "ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎంత వెతుక్కున్నానో. ఇల్లు మీ మామయ్యది. కొడుకు ప్రాణం మీదికొచ్చింది. ఇంట్లో అన్నిటికంటే విలువైనది ఇద్దామనుకుంటే నీ ఉద్యోగమే కనపడింది."

నా కోపం సగం దిగిపోయింది. ఒక జీవితమంతా చాకిరీ చేసి, దేవుడి ముందు చేయి చాపాల్సి వచ్చినప్పుడు తనదని చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ మీద జాలేసింది. దానితోపాటే, దాచుకోవడమెందుకు, చెప్పలేనంత గర్వం కలిగింది. నా ఉద్యోగానికి ఈ ఇంట్లో దక్కిన మొదటి మెప్పు అది.

"పోనీ కొన్నాళ్ళు సెలవు పెట్టొచ్చుగా," అన్నారు మా ఆయన.

"మీ లెక్క ప్రకారం దేవుడు లేడు కదండీ. లేనివాడికి నా ఉద్యోగం ఎందుకిమ్మంటున్నారు?"

"అది వేరు..."

"ఏం వేరో ఆలోచించుకోండి, లాజికల్‌గా. సాయంత్రం నేనొచ్చాక చెప్పండి. ఈలోగా ఆ గిన్నెలు కడిగేయండి."

నేను చెప్పులేసుకుంటుంటే అత్తగారు గుమ్మందాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ భయం నటన కాదు.

"మరి ఆ దేవుడికి కోపమొస్తేనో?"

"వస్తే నా దగ్గరికే రమ్మనండి అత్తయ్యా. మేం రోజూ మాట్లాడుకునేవాళ్ళమే."